మెడలో పేరు లేనివాడు

"చీటీ ఏదీ తాతా?" అంటూ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు గుమెర్సిందో.

"ఏం చీటీ?"

"మెడలో వేలాడేది. పేరు రాసి ఉంటుంది."

"నా పేరు నాకు గుర్తుందిలే నాయనా. మెడకి కట్టుకోవడానికి నేనేమన్నా తప్పిపోయే మేకనా?"

కొచబాంబా నగరంలో గుండె స్కానింగ్ డాక్టర్లు ఏటేటా జరుపుకునే సదస్సు అది. ఆ హోటల్ గుమ్మం దగ్గర గుమెర్సిందో కాపలా ఉన్నాడంటే, కొండమీంచి దిగొచ్చే గాలి కూడా చీటీ చూపించి లోపలికి పోవలసిందే.

లోపల నాలుగు వందల మంది డాక్టర్లు. నాలుగు వందల పేర్లు మెడల్లో ఊగుతున్నాయి.

ముసలాయనకు బుగ్గన కోకా ఆకు, కాళ్ళకు టైరు చెప్పులు. ఎడమచెయ్యి కోటు జేబులో ఉంది. కుడిచేతిలో ఒక ప్లాస్టిక్ సంచి.

అంతలో డాక్టర్ ఎల్వీరా తెర్రాసాస్ పరుగులాంటి నడకతో వచ్చింది. ఇంకో పది నిమిషాల్లో ఆమె మాట్లాడాలి.

"డాక్టరమ్మా, ఒక్క మాట. మీరంతా గుండె చూసేవాళ్ళేనటగా. రేడియోలో చెప్పారు."

"ఇది ఆసుపత్రి కాదు తాతా. ఇక్కడ గుండెలు చూడం, వాటి గురించి మాట్లాడుకుంటాం."

"మంచిదే. నా దాని గురించి కూడా కాస్త మాట్లాడండి."

గుమెర్సిందో కిసుక్కున నవ్వాడు. ఎల్వీరాకూ నవ్వొచ్చింది.

ముసలాయన సంచిని పళ్ళతో కరిచి పట్టుకుని, కుడిచేత్తో అందులోంచి ఓ కాగితం తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

అరచెయ్యంత ఉంది. స్కానింగ్ మిషన్ కక్కే నున్నటి కాగితం. దానిమీద గుండె లేదు సరికదా, గీత కూడా లేదు.

"తెల్లగా ఉంది కదా తాతా, ఇందులో ఏం చూడను?"

"నా గుండె ఉండాలే. చెమ్మ తగలకూడదని పొయ్యిమీద గూట్లో దాచాను."

"ఆ వేడికే చెరిగిపోయింది. ఈ కాగితాలు వేడికి ఆగవు."

"అయ్యో. చెమ్మనుంచి కాపాడి సెగలో పెట్టానన్నమాట. మళ్ళీ తియ్యాలా?"

"తియ్యాలి. సోమవారం పొద్దున్నే మా ఆసుపత్రికి రండి. నేనే చూస్తాను."

"సోమవారం దాకా ఈ ఊళ్ళో నన్నెవరు ఉంచుకుంటారమ్మా?"

లోపల మైకులో ఆమె పేరు పిలిచారు.

"సోమవారం, మర్చిపోకండి" అని ఆయన భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తెరమీద ఆమె ఏటా చూపించే గుండె బొమ్మే వచ్చింది. పేషెంటు పేరు బయటపెట్టకూడదు గనక, పేరున్న చోట నల్లపట్టీ వేసి ఉంది.

"తొమ్మిదేళ్ళ కిందట మిస్కే లోయలో క్యాంపు పెట్టాం" అని మొదలుపెట్టింది. "ఒక్కరోజే అరవై మందిని చూశాను. అన్నీ వించూకా పురుగు కుట్టి పాడుచేసిన గుండెలే. ఇతన్ని కూడా చూసి, ఫరవాలేదని పంపేశాను. ఆర్నెల్ల తర్వాత బొమ్మలు తిరగేస్తుంటే ఇది కనబడింది."

గుండె కొన దగ్గర, శనగగింజంత మచ్చ.

"రక్తం గడ్డ. ఊడిందంటే మెదడుకు పోయి పక్షవాతం తేవచ్చు. రోజూ మాత్ర వేస్తే కరిగిపోయేది."

"తర్వాత ఆ మనిషి ఏమయ్యాడు?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏటా ఆమె దగ్గర ఒకటే జవాబు.

"తెలీదు. మూడుసార్లు ఆ ఊరు వెళ్ళాను. గోడల్లో ఆ పురుగులున్నాయని మట్టిళ్ళు పడగొట్టేశారు. జనం తలో దిక్కూ పోయారు. రాసిన ఉత్తరాలన్నీ తిరిగి నాకే వచ్చాయి. కొన చూడకుండా మీరెవరూ పేషెంటును మంచం దిగనివ్వకండి. నేను చెప్పగలిగింది అంతే."

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆమెకు ఏ ఏడూ నచ్చలేదు.

బయటికొస్తుంటే, కంపెనీలవాళ్ళు అమ్మకానికి తెచ్చిన స్కానింగ్ మిషన్లు వరసగా కనబడ్డాయి. పదింట్లో తొమ్మిది ఖాళీ. పక్కనే మంచాలు కూడా ఉన్నాయి.

ఐదు నిమిషాల పని. సోమవారం ఎందుకు?

గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఆ తాత ఏడి?"

"గంటసేపు కూర్చుని వెళ్ళిపోయాడు డాక్టరమ్మా. ఆకలిగా ఉన్నాడని నా సల్తేన్యా కజ్జికాయ ఇచ్చాను. అదీ నేనే పట్టుకుని తినిపించాను, లేకపోతే అందులో మాంసం రసమంతా కోటుమీదే."

"నువ్వు తినిపించడమేమిటి?"

"ఎడమచెయ్యి పనిచెయ్యదట. నాలుగు నెలల కిందట ఓ పొద్దున లేచేసరికి పడిపోయిందట."

ఎల్వీరా గుమ్మం దాటి రోడ్డుకేసి చూసింది.

"ఎటు వెళ్ళాడు?"

"ఆ మూల ట్రూఫీ బండి ఎక్కాడు. పదిహేను రూట్ల బళ్ళు ఆగుతాయక్కడ. ఏది ఎక్కాడో నేను చూడలేదు."

"పేరేమన్నా చెప్పాడా?"

గుమెర్సిందో తల గోక్కున్నాడు. "నేనడగలేదు. చీటీయే అడిగాను."

ఆమె రోడ్డుమీదికి నాలుగడుగులు వేసి ఆగింది. మూలమీద ఒక బండి కదులుతోంది. ఇంకొకటి వచ్చి ఆగుతోంది. అన్నిట్లోనూ టోపీలు పెట్టుకున్న ముసలాళ్ళే.

వెనకే వచ్చిన గుమెర్సిందో జేబులోంచి కాగితం తీశాడు.

"ఇది మీకిమ్మన్నాడు. తెల్లకాగితం మోసుకెళ్ళి తనేం చేసుకుంటాడట. మీరైతే ఏమన్నా రాసుకుంటారట."

ఆమె కాగితాన్ని మొదటిసారి వెనక్కి తిప్పింది.

నీలం బాల్‌పెన్నుతో, హడావుడిగా గీకిన తన చేతిరాతే ఉంది, "ఫరవాలేదు, ఏడాది తర్వాత రావాలి" అని. ఆ పైన, ఏటేటా తన చేత్తోనే నల్లపట్టీ వేసి దాస్తూ వచ్చిన పేరు, తియోఫిలో సిపే.