ఏడుకు ఆరు

"ఎనభై నాలుగు హాలీలకు డెబ్బై రెండు కల్దార్లు. లెక్క సరిగ్గానే ఉంది. ఇక వెళ్లిరండి" అంటూ గుమాస్తా గోపాలరావు కాగితాలను కిటికీలోంచి బయటికి తోశాడు.

నళినికి ఒళ్లు మండిపోయింది.

నాంపల్లిలోని ఆ పింఛన్ల ఆఫీసుకు ఆమె రావడం ఇది తొమ్మిదోసారి. తొమ్మిదిసార్లూ ఇదే కిటికీ, ఇదే మాట. గోడకు చెప్పుకున్నా ఈపాటికి కరిగేది.

"సార్, ఆ ఎనభై నాలుగు హాలీ కాదు, కల్దారే. మా నాయినకు మంజూరైంది తొంభై ఎనిమిది హాలీ. దాన్ని మార్చి ఎనభై నాలుగు చేసిన్రు. మీరు దాన్ని మల్లా మార్చిన్రు."

"పుస్తకంలో ఉత్త ఎనభై నాలుగు అనే ఉందమ్మా. కల్దార్ అని ఎక్కడుంది?"

"హాలీ అని మాత్రం ఏడున్నది?"

గోపాలరావు పుస్తకం మూసేశాడు. కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, హాలీ రూపాయిని కళ్లతో చూసి కూడా ఎరగడు.

"రుజువు తెండి. ఈ మార్చి నెలాఖరు లోపల. ఆ తర్వాత నేనేం చేయలేను."

హాలీ అంటే నిజాం రూపాయి. కల్దార్ అంటే ఇండియా రూపాయి. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. ఆ కాలపు హైదరాబాదు మనిషిని నిద్రలో లేపి అడిగినా చెప్పే లెక్క ఇది.

1959లో పాత పింఛన్ల పుస్తకం చిరిగిపోతోందని కొత్తది రాశారు. అప్పుడెవడో మహానుభావుడు, మార్చిన దాన్నే మళ్లీ మార్చేశాడు. అంతే, నెలకు పన్నెండు రూపాయలు గాలికి పోయాయి. రెండేళ్లుగా పోతూనే ఉన్నాయి.

ఆ పన్నెండూ వాళ్ల ఇంటి కిరాయి. నెలాఖరుకు ఖాళీ చేయమని ఇంటి యజమానురాలు చెప్పేసింది.

నళిని తండ్రి వెంకటేశం లెక్కల పంతులు. పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. మంజూరు కాగితం చెదలు తినేసింది. "ముప్పై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన బిడ్డా, నా లెక్కే తప్పంటరా" అని మంచంమీద ఒకటే గొణుగుడు. ఆ గొణుగుడు వినలేకే ఆమె ఇన్నిసార్లు తిరుగుతోంది.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలుపు.

"బిడ్డా, జర ఆగు."

మళ్లీ ఆ ముసలాయనే. వెలిసిన షేర్వానీ, దారంతో కట్టుకున్న కళ్లద్దాలు. మూడుసార్లుగా వరండాలో తగులుతున్నాడు. ఎప్పుడూ అదే ప్రశ్న.

"మీ నాయిన పేరేంది బిడ్డా?"

"మీకెందుకు?"

"పేరు చెప్తే చాలు. నేను జర చూస్త."

ఆఫీసుల ముందు ఇలా కాచుకుని కూర్చునే పైరవీకారులను నళిని చాలామందినే చూసింది. ముందు పేరడుగుతారు. తర్వాత కాగితం అడుగుతారు. ఆ తర్వాత రూపాయలు.

ఆమె వినిపించుకోకుండా నడిచింది. బస్సు పైసలు మిగుల్చుకోవాలని ఆబిడ్స్ దాకా నడకే. మండే ఎండ. సగం దూరం వచ్చాక తిరిగి చూస్తే, ఆయన ఆయాసపడుతూ వెనకాలే వస్తున్నాడు.

పెద్ద పోస్టాఫీసు ముందు ఆమె ఓపిక అయిపోయింది.

"ఏంది మీ బాధ? ఎందుకు నా ఎంబడి పడ్డరు?"

"కోపం చెయ్యకు బిడ్డా. నేను గీ ఆఫీసులనే..."

"ఎరుకే. గీ ఆఫీసులనే తిరుగుతరు మీ అసుంటోళ్లు. ఆపదలున్నోళ్ల తాన పైసలు గుంజుతరు. గీ వయసుల సిగ్గనిపిస్తలేదా?"

జనం ఆగి చూశారు. ఒకరిద్దరు నవ్వారు.

ఆయన జారిన కళ్లద్దాలు సర్దుకున్నాడు. తలవంచుకుని నాంపల్లి వైపు తిరిగిపోయాడు.

పీడ వదిలిందనుకుంది నళిని.

నెలాఖరు రోజున చేతిలో ఏ రుజువూ లేకుండానే ఆఫీసుకు వెళ్లింది. ఊరికే ఇంట్లో కూర్చోలేక వెళ్లింది. వరండాలో ముసలాయన లేడు.

గోపాలరావు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. లోపలికి పిలిచి కుర్చీ వేశాడు.

"మీ నాన్నగారి పింఛను ఎనభై నాలుగు చేశామమ్మా. రెండేళ్ల బకాయి, రెండు వందల ఎనభై ఎనిమిది, అది కూడా వస్తుంది."

నళిని కుర్చీలో ముందుకు వంగింది.

"రుజువు ఏడ దొరికింది సార్?"

"ఒక పెద్దాయన ఇచ్చారు. సదాశివరావుగారని. తన పింఛను కోసం వచ్చిన రోజు మన గొడవ విన్నారట. మీరు పేరు చెప్పలేదని నన్నడిగారు, పాత పుస్తకం తీయించారు."

షేర్వానీ ఆయనే. నళిని మొహం ముడుచుకుంది.

"ఎంతియ్యాలె ఆయనకు?"

గోపాలరావు ఆమెవంక అదోలా చూశాడు.

"ఆయనకేం ఇవ్వక్కర్లేదు. ఇద్దామన్నా మనిషి లేడు. గది కిరాయి కట్టలేనని మొన్ననే ఖాళీ చేసి వెళ్లిపోయారట. ఏ ఊరో ఎవరికీ తెలియదు."

"నిన్నమొన్నటిదాంక కడుతున్నడు గద, ఇప్పుడేమైంది?"

గోపాలరావు ఫైలు విప్పి, ఆయన రాసిచ్చిన కాగితం ఆమె ముందు పెట్టాడు.

ఉర్దూకు అలవాటైన చేయి. తెలుగు అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. నళిని కూడబలుక్కుని చదివింది.

'1953లో ఈ పుస్తకం రాసిన గుమాస్తాను నేనే, ఎనభై నాలుగు పక్కన కల్దార్ అని రాయడం మరిచింది నేనే, కనుక పంతులుగారికి రావలసిన బకాయి అంతా నా పింఛనులోంచి కోసుకోగలరు.'