తల దగ్గర నిలబడే మనిషి

"బుడ్డీ, నువ్వు రా. తల దగ్గర నిలబడు," అంది దొరసాని, బెంచి మీద వెల్లకిలా పడుకుంటూ.

హాల్లో బరువులెత్తుతున్న ఆడపిల్లలందరూ చేతిలో పని ఆపి అటు చూశారు. చూడరూ మరి? మూడు నెలల క్రితం ఇదే బెంచి మీద బుడ్డి పడుకుంది, దొరసాని తల దగ్గర నిలబడింది. బార్ ఎత్తేవాళ్ళ చేతులు తడబడితే చప్పున అందుకోవడానికే అక్కడ ఒక మనిషి ఉండేది. "నేనున్నాగా, ఎత్తు" అన్న ఆ మనిషి, సెలక్షన్‌కు వచ్చిన పెద్దాయన గుమ్మంలో కనపడగానే పలకరించడానికి పరుగెత్తింది. బార్ మీద పడి బుడ్డికి కాలర్ బోన్ విరిగింది. ఆమె వెళ్ళాల్సిన పోటీకి దొరసాని ఎంపికైంది. పోనీ, అదీ సరిపెట్టుకోవచ్చు. "వద్దు వద్దంటున్నా వినకుండా బరువెక్కువేసుకుంది" అని దొరసాని ఊరంతా చెప్పుకు తిరిగింది చూడండి, అదే బుడ్డి మింగలేకపోయింది. ఎముక అతుక్కుంది గానీ ఆ మాట అతుక్కోలేదు.

డాక్టరు సరేనన్నాక వారం నుంచీ బుడ్డి రోజూ వస్తోంది. మళ్ళీ ఆ ఇనుము జోలికి పోవద్దని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఒక మూల తేలిక బరువులతో చేతులాడిస్తూ, అద్దంలో దొరసానినే కనిపెట్టుకుని ఉంది. పాము పగ అంటారే, అలాగ. తీరా చూస్తే పిట్ట దానంతటదే వచ్చి వల్లో వాలింది.

దొరసాని తండ్రే అక్కడ కోచ్. పిల్లలంతా ఆయన్ను మాస్టారూ అంటారు, కూతురితో సహా. ఆయన వచ్చి బార్‌కు రెండు వైపులా ఇంకో ప్లేటు ఎక్కించాడు. భుజం లాగేస్తోందని, ఇవాళ్టికి చాలని కూతురు గొణిగింది. నొప్పికి భయపడేవాళ్ళు ఇంట్లో కూచుని అంట్లు తోముకోవాలని ఆయన అందరికీ వినపడేలా అన్నాడు. పోటీ వచ్చే ఆదివారమన్న సంగతి గుర్తుందా అని అడిగాడు. ఫోను మోగితే మాట్లాడుకుంటూ గుమ్మం దాకా నడిచాడు.

అయ్యో పాపం అనుకోవాలి కదా బుడ్డి. అనుకోలేదు. కన్నతండ్రే బరువెక్కిస్తుంటే మధ్యలో తనకేం పాపం? చెప్పాల్సిన మాట కూడా నాలుక మీద సిద్ధంగా పెట్టుకుంది. వద్దు వద్దంటున్నా వినలేదు మాస్టారూ. పొల్లు పోకుండా అదే మాట. ప్రాణం తియ్యనక్కర్లేదు. ఒక్క భుజం చాలు. చెల్లుకు చెల్లు.

"నేనున్నాగా, ఎత్తు," అంది బుడ్డి.

దొరసాని కళ్ళెత్తి ఒక్కసారి చూసింది. బార్ అందుకుంది.

మొదట బాగానే ఎత్తింది. ఆ తర్వాత మోచేతులు వణికాయి. ఇంకోసారి దించేసరికి బార్ ఛాతీ మీద కూలబడి, మరి పైకి లేవలేదు. దొరసాని ముఖం కందగడ్డయింది. కింద నుంచి తలకిందులుగా ఆమె కళ్ళు బుడ్డినే చూస్తున్నాయి. బుడ్డి చేతులు బార్‌కు జానెడు ఎత్తున ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచింది. ఇప్పుడు తెలిసిందా, అనుకుంది లోపల. ఆ రోజు నేనెలా చూశానో నువ్వూ అలా చూడు.

ఎంతసేపని? గుటక మింగినంత సేపు. మూడు నెలల కసి ఆ గుటకలోనే దిగింది.

అప్పుడు బార్ కదిలింది. కదిలింది పైకి కాదు, గొంతు వైపు. మెల్లగా దొర్లుతోంది. భుజం సంగతి వేరు, గొంతు సంగతి వేరు. బుడ్డి వంగి రెండు చేతులా బార్‌ను ఒడిసిపట్టి, పళ్ళు బిగించి లాగింది. అతుక్కున్న ఎముక చురుక్కుమంది. పక్క బెంచి పిల్ల పరుగెత్తుకొచ్చి ఒక కొస పట్టింది. ముక్కుతూ మూలుగుతూ ఇద్దరూ కలిసి బార్‌ను కొక్కేల మీదికి చేర్చారు.

అందరూ చుట్టూ మూగారు. ఆయాసపడుతూనే బుడ్డి లోలోపల నవ్వుకుంది. ఇదే మేలనిపించింది. విరిగిన ఎముకదేముంది, మూడు నెలల్లో అతుక్కుంటుంది. ఎవరిని ముంచిందో వాళ్ళ చేతుల్లోనే బతికి బయటపడ్డ సిగ్గుకు కట్టు కట్టే డాక్టరు లేడు. ఇక ఈ జన్మలో దొరసాని తన ముందు తలెత్తలేదు.

"చూశావుగా," అంది నలుగురూ వినేలా. "నేను నిలబడితే ఇలా నిలబడతాను."

దొరసాని లేచి కూచుంది. ఒక థాంక్స్ లేదు, పాడూ లేదు. గుమ్మం దగ్గర నుంచి మాస్టారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఏమైందని అడిగాడు. బార్ జారిందని ఎవరో చెప్పారు. అయితే మంచినీళ్ళు తాగి మళ్ళీ అదే బరువు ఎత్తమని చెప్పి ఆయన అటు తిరిగాడు. పిల్లలు ఎవరి బెంచి దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. దొరసాని కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. ఆ నీళ్ళలోంచే బుడ్డిని కొరకొరా చూసింది.

బుడ్డికి ఒళ్ళు మండిపోయింది.

"బతికించినందుకా ఈ చూపు? నేనంటే అంత పడనిదానివి, ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పిలిచావు?"

దొరసాని తన భుజం పట్టుకుని, తండ్రికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"వాళ్ళంతా పట్టుకుంటారుగా."