సగం వలయం

పులికి ఏటా ఒక దూడను అప్పగించే అడవిలో గేదెలు ఒకసారి తిరగబడ్డాయి. దూడల్ని నడుమ ఉంచి, కొమ్ములు బయటికి పెట్టి, వలయంగా నిలబడి పులిని తరిమేశాయి. ఆనాడు తన డొక్కకు ఆనుకుని నిలబడ్డ మంగి ఒంటి వెచ్చదనం ముసలి గేదె పోలికి ఇంకా గుర్తే.

ఆ తర్వాత, పులిని పొడిచిన తొలిపోటు ఎవరిదన్న తగవులో నిటారు కొమ్ములవీ మెలికొమ్ములవీ విడిపోయి మడుగుకు చెరో గట్టున చేరాయి. పోలి ఈ గట్టున, మంగి ఆ గట్టున.

ఈ వేసవిలో పులి మళ్లీ వచ్చింది. ఏ గట్టునా తలలు చాలక సగం వలయమే అయింది.

"మంగీ, నీ వీపు ఎవరు కాస్తున్నారే?" అని అరిచింది పోలి.

"నీ వీపు కాసేవాళ్లే!" అంది ఆవలి నుంచి మంగి. ఇద్దరి వెనుకా ఎవరూ లేరు.

పోలి ఆ గట్టుకేసి నీళ్లలోకి దిగింది. "ద్రోహీ!" అన్నాయి తనవాళ్లు. దూడలు పోలి వెంట దిగాయి. దూడలు దిగాక తల్లులు ఆగలేదు.

ఆవలి గట్టున సగం వలయంలో మంగి ఒక గేదె పట్టేంత పక్కకు జరిగింది.