రూమ్మేట్ గురించి ఒక్క మాట

వేయించిన కోడి కాలు చేత్తో పట్టుకుని కొరికింది డెల్లా.

టేబుల్ చుట్టూ ఉన్న పిల్లల ఫోర్కులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

స్కాలర్‌షిప్ ఆఖరి వడపోతకి యూనివర్సిటీ పిలిచిన పిల్లలు వాళ్ళంతా. ఆ శుక్రవారం విందులో ఎవరెలా తింటున్నారో కమిటీ వాళ్ళు ఓ కంట కనిపెడతారని ఏటా ఒక పుకారు. అందుకని పాపం కోడి ఎముకతో కూడా కత్తిపెట్టి కుస్తీ పట్టి, సగం ఆకలితోనే లేస్తారు.

"ఏంటలా చూస్తున్నారు? మీ ఊళ్ళో కోడిని ఇంకెలా తింటారు?" అంది డెల్లా, నోటినిండా పెట్టుకుని.

హమ్మయ్య, ఒకరు తగ్గారు అనుకుంది పక్కనున్న రోవెనా.

వచ్చింది ముప్పై మంది. ఇచ్చేది ఐదుగురికి. వస్తే నాలుగేళ్ళ చదువు, గది, తిండి అన్నీ యూనివర్సిటీయే చూసుకుంటుంది. రాకపోతే రోవెనా ఆర్కన్సా కొండల్లో ఇంటికెళ్ళి, కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో అమ్మ పక్కన నిలబడటమే.

ఖర్మకాలి డెల్లాకీ తనకీ ఒకే గది ఇచ్చారు.

"మీ నాన్న ఏం చేస్తాడే?" అడిగింది డెల్లా, మంచం మీద వాలుతూ.

"స్కూలు బస్సు నడుపుతాడు."

"నువ్వూ అదే బస్సులో వెళ్తావా?"

"ఆఁ. చాలా దూరం. చిన్నపిల్లలు గోల చేస్తే నాన్నకి చిరాకు. అందుకని వాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని చదవడం నేర్పుతుంటాను."

"ఎంతమందికి వచ్చింది?"

"ఆ బస్సెక్కే పిల్లలందరికీ."

డెల్లా లేచి కూర్చుంది. "రేపు ఇంటర్వ్యూలో ఇదే చెప్పు."

"ఇదా? బస్సులో పిల్లల్ని ఆడించడం కూడా ఒక గొప్పేనా?"

"నువ్వు చెప్పబోయే డిబేట్ పోటీల కప్పులు ఇక్కడ ప్రతివాళ్ళకీ ఉన్నాయే. ఇది ఎవరికుంది?"

రోవెనా నవ్వి దుప్పటి కప్పుకుంది. నన్ను పల్లెటూరి దద్దమ్మని చేసి కూర్చోబెట్టాలని చూస్తోంది, దీని పప్పులు నా దగ్గర ఉడకవు అనుకుంది.

పొద్దున భయంతో రోవెనాకి వాంతి అయింది. నీళ్ళు తాగించిందీ, జుట్టు సరిచేసిందీ డెల్లానే. అందులోనూ ఏదో ఎత్తు ఉందనే అనిపించింది రోవెనాకి.

ఇంటర్వ్యూ గదిలో రోవెనా తన కప్పుల సంగతి చక్కగా, తడబడకుండా చెప్పింది. కమిటీ పెద్ద ఆల్డ్రిడ్జ్ మేడమ్ తలూపుతూ వింది.

"నీకు రాకపోతే ఇంకెవరికి రావాలంటావు?"

ఏటా తప్పకుండా అడిగే ప్రశ్న అది. దానికి పాత విద్యార్థులు చెవిలో వేసే కిటుకు కూడా ఒకటుంది: గట్టివాళ్ళ పేరు ఎత్తకూడదు. విందులో కునికిపాట్లు పడిన కుర్రాడి పేరు చెప్పింది రోవెనా.

"మీ రూమ్మేట్ డెల్లా ఎలాంటి అమ్మాయి?"

పొద్దున డెల్లా నీళ్ళు తాగించిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఫ్యాక్టరీలో అమ్మ చేతులు గుర్తొచ్చాయి.

"మంచిదే మేడమ్. కాకపోతే దేన్నీ పట్టించుకునే మనిషి కాదు."

బయట డెల్లా ఎదురొచ్చింది. "బస్సు సంగతి చెప్పావా?"

"లేదు."

"నీకేమన్నా పిచ్చా?" అంటుండగానే డెల్లాకి పిలుపొచ్చింది.

లోపల చాలాసేపు ఉంది. ఏం కబుర్లు చెబుతోందో, కోడి కాలు గురించేమో అనుకుంది రోవెనా.

మార్చి నెలాఖరున ఆల్డ్రిడ్జ్ మేడమ్ ఫోన్ చేసింది.

"రోవెనా, నీకు వచ్చిందమ్మా."

రోవెనా కళ్ళు చూసి, వంటగదిలో అమ్మ అలాగే నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"నిజం చెప్పాలంటే, నీ ఇంటర్వ్యూ కాగానే నిన్ను పక్కన పెట్టేశాం. కప్పులు తప్ప ఏమీ కనబడలేదు. ఆ బస్సు పిల్లల సంగతి డెల్లా చెప్పింది. నీకు రాకపోతే ఇంకెవరికి అన్న ప్రశ్నకి మొదలుపెట్టి ఇక ఆపలేదు. తన గురించి ఇంకా చెప్పుకోమన్నా, ముందు రోవెనాకి ఇవ్వండి అంది."

రోవెనా అమ్మ వైపు వీపు తిప్పి గోడ దగ్గరికి జరిగింది.

"మరి... డెల్లాకి కూడా వచ్చింది కదా మేడమ్?"

"లేదమ్మా. చివరి చోటు దగ్గర మీ ఇద్దరే మిగిలారు. ఒకే గదిలో ఉన్నారు, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి మాకంటే బాగా తెలుస్తుంది కదా. ఆమె నీ గురించి చెప్పింది నమ్మాం, నువ్వు ఆమె గురించి చెప్పిందీ నమ్మాం."