మొగ్గ రాలింది

ఇలా దగ్గరకు జరిగి కూర్చో. చిన్న కథే, మధ్యలో మాత్రం లేవకు.

ఒక డాక్టరమ్మ ఉండేది. పేరుకే డాక్టరమ్మ, సూది పట్టి ఎరగదు. ఆవిడ రోగులంతా పత్తి మొక్కలే. గాజు గదిలో నలభై కుండీలు.

పత్తికి ఎప్పుడు పూయాలో చెప్పే మీట దాని జన్యువుల్లోనే ఉంటుందట. మామూలు మొక్క అరవై రోజులకు గానీ పూయదు. ఆ మీట కాస్త జరిపితే నలభైకే పూస్తుంది, పురుగు పడేలోపే పంట చేతికొస్తుంది అని ఆవిడ ఆశ. ఆ మీట దొరకడానికే తొమ్మిదేళ్ళు పట్టింది. నల్లజుట్టుతో మొదలుపెట్టిన మనిషికి ఇప్పుడు రంగు వేసుకునే ఓపిక కూడా లేదు.

ఈసారి పైవాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. అరవయ్యో రోజులోపు ఒక్క పువ్వైనా చూపించకపోతే గది మూసేస్తామని.

నీళ్ళు పెట్టడానికి ఒక పెద్దమ్మను కుదుర్చుకుంది. ముప్పై ఏళ్ళు విత్తనాల పొలాల్లో చేసిన మనిషి. ఒక మొక్క పుప్పొడి తెచ్చి ఇంకో మొక్కకు చేత్తో రాసే పని. మేస్త్రీ నోటికి జడిసి నేర్చుకున్న పని, ఆ భయం ఇంకా ఒంట్లోంచి పోలేదు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతే, పత్తి గురించి నాకు చెప్తావా తల్లీ అని నవ్వేసింది. సరే, నీకు తెలిసినట్టే చూసుకో పెద్దమ్మా అంది డాక్టరమ్మ.

ఇరవయ్యో రోజుకే మొగ్గలు కనబడ్డాయి. డాక్టరమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

నలభై వచ్చింది. పువ్వు లేదు. రోజూ తొమ్మిదింటికి పైవాళ్ళు పెట్టిన లెక్కలాయన డాక్టరమ్మతో కలిసి వచ్చి కుండీ కుండీ చూసి పుస్తకంలో ఒకటే మాట రాసేవాడు: మొగ్గ రాలింది. నిన్న కొవ్వొత్తిలా నిలబడ్డది ఇవాళ ఉండదు. కింద వెతుకుదామంటే ఆకు ముక్క కూడా కనబడదు. పెద్దమ్మ పొద్దున్నే అంత శుభ్రంగా ఊడ్చేసేది.

"ఇవి పత్తి మొక్కలా మేడం, వాకిట్లో పెట్టుకునే క్రోటన్లా?" అన్నాడొకసారి.

డాక్టరమ్మకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. మొక్కకు మొగ్గ వేయడం నేర్పాను గానీ నిలుపుకోవడం నేర్పలేకపోయాను అనుకుంది.

అరవయ్యో రోజు పైవాళ్ళు వచ్చారు, చూశారు, గది మూసేయడానికి సంతకం పెట్టించుకున్నారు. మీట జరిపిన మొక్క గడప దాటకూడదని నియమం. కుండీల్లోవి, డబ్బాలో దాచిన విత్తనాలు, ఆఖరి గింజతో సహా పొయ్యిలో బూడిదయ్యాయి. డాక్టరమ్మే దగ్గరుండి వేసింది.

తర్వాత మెట్టు మీద కూలబడింది. పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్కరోజు నాగా పెట్టలేదు నువ్వు. నీ పనికి వంక పెట్టలేను పెద్దమ్మా."

పెద్దమ్మ మొహం విప్పారింది. ముప్పై ఏళ్ళలో ఏ మేస్త్రీ నోటా రాని మాట అది.

అప్పుడు ఆవిడ ఏమందో అక్షరం పోకుండా గుర్తుపెట్టుకో, రేపు నువ్వు ఇంకొకరికి చెప్పాలి.

"వంకెలా ఉంటుంది తల్లీ, మనం పుప్పొడి రాయకముందే తనంతట తాను విచ్చుకున్న పువ్వు విత్తనాల పొలంలో కల్తీ కదా, అందుకే నలభయ్యో రోజు మొదలు ఆ లెక్కలాయన రాకముందే పూసిన ప్రతి పువ్వూ తెంపి ఒళ్ళో వేసుకుపోయాను, ఒక్కటి మిగిల్చి ఉంటే ఒట్టు."