గెలిచినోడు లేవొద్దు

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మాజ్రి బొగ్గు గనిలో రెండో షిఫ్టు ముగించిన నోవా, తిన్నగా వీడియో గేమ్ దుకాణానికి వచ్చాడు. ఫైటింగ్ మిషన్‌కు కుడివైపు, రెండో ఆటగాడి స్టిక్ ఊడిపోయి ఏడాదవుతోంది. ఇద్దరు తలపడే ఆట కాస్తా ఒంటరి ఆటైపోయింది.

"రాకేష్ భావూ, గా స్టిక్ ఎప్పుడు ఏపిస్తవ్? మిషన్‌తోని కొట్లాడుడు గూడ ఒక కొట్లాటేనా?"

"కాయిన్లు పడుతనే ఉన్నయ్ గద, ఇంకేం గావాలె?" అని నవ్వి, యజమాని రాకేష్ షట్టర్ సగం దించి, అన్నం తినడానికి ఇంటికి పోయాడు.

ఒంటరిగా ఆడుతున్న నోవా తలెత్తేసరికి తెర అంచున ఒక కాయిన్ ఉంది. ఎదురు ఆడదలచినవాడు అక్కడ కాయిన్ పెడతాడు, కూర్చున్నవాడు దాన్ని రెండోవైపు వేస్తాడు. స్టిక్ ఉన్ననాటి నుంచీ అది అక్కడి రివాజు. గెలిచినోడు లేవొద్దన్న నియమం మాత్రం నోవా పెట్టిందే.

అలవాటు కొద్దీ వేశాడు. తెర మీద రెండో ఫైటర్ దిగాడు. స్టిక్ లేని కంతలోంచి టకటకమని చప్పుడు. ఎవడోగానీ బాగా ఆడాడు. చాన్నాళ్లకు నోవాకు ఒళ్లు వేడెక్కింది. గెలిచి, "ఇగ రాండ్రా!" అని అరిచాడు.

తెర అంచున టిక్కుమంది. ఇంకో కాయిన్. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే వరస నిండింది. వెనక మంది నిలబడ్డట్టు దుకాణం ఇరుకైంది.

మొదటి కాయిన్ దానంతటదే లోపల పడింది.

ఓడిపోతే లేచిపోవచ్చు కదా అని నోవా రెండు చేతులూ తీసేశాడు.

తెర మీద అతని ఫైటర్ మాత్రం కొడుతూనే ఉన్నాడు. గెలుస్తూనే ఉన్నాడు.