రెండు కుండీల జనుము

మరిది రెండు మట్టి కుండీలను వంటగది కిటికీలోంచి దించి వదిన ముందు పెట్టాడు. ఒకదాంట్లో జనుము మొలకలు పచ్చగా నిలబడ్డాయి. రెండోదాంట్లో ఆకులు పసుపెక్కి, అంచులు మాడిపోయాయి.

“విత్తనం ఒకటే వదినా. నువ్వు పుచ్చు విత్తనమన్న సంచిలోదే. నీ చేత్తోనే వేయించాను.”

“నా చెవిలో పువ్వు పెట్టకు. మంచివన్నీ నీ చేలో చల్లుకుని, అడుగూ బొడుగూ నాకిచ్చావు. అందుకే నా చేలో పచ్చిరొట్ట ఎరువుకని వేసిన జనుము లేవలేదు. ఈ ఏడాదితో మన పొత్తు సేద్యం చాలు.”

“పన్నెండు రోజులూ నీ కళ్ల ముందే ఉన్నాయిగా. బాగున్నది నీ పెరటి మట్టి. మాడింది నువ్వు మొక్కజొన్న కోసిన చేలో మట్టి.”

ఆమె ఆ మట్టిని వేలితో కదిపి వాసన చూసింది. మట్టి వాసనే వచ్చింది.

“అయితే మొక్కజొన్నకు నువ్వు కొట్టిన కలుపుమందే చంపిందన్నమాట.”

“నా చేలోనూ అంతే కొట్టాను. అక్కడ జనుము మోకాలెత్తు లేచింది. ఇక్కడే మట్టిలో ఎందుకు మిగిలిపోయిందో అంతుపట్టడం లేదు.”

అతను నిజంగానే ఆలోచిస్తున్నాడు. వదిన చూపు తిప్పుకుంది.

“నువ్వు కొట్టి వెళ్లిన నాలుగోనాడు నేను మళ్లీ కొట్టించాను,” అంది చివరికి.

“మళ్లీనా? ఎందుకు?”

“నువ్వు మందు దాచుకుని, ఉత్త నీళ్లు కొట్టావేమో అనుకున్నాను.”

మరిది మాడిన మొలకనొకదాన్ని పీకి, అరచేతిలో వేసుకుని చూశాడు.

“అయితే ఏమంటావు వదినా? పొత్తు విడిపోదామా?”

“ఆ మాట చెప్పాల్సింది ఇక నేను కాదు,” అంది వదిన. “నువ్వే చెప్పు.”